గుళికలు చల్లే ముందు కాళ్ళు లెక్కపెట్టండి
వేళ్ళ దగ్గర పరుగెత్తే తెల్లప్రాణులన్నీ చెద కాదు

నేల మంచి పదును మీద ఉన్నప్పుడు ఆళ్లగడ్డ పక్క పసుపు మడిలోనో, మహానంది దారిలో అరటితోటలోనో ఒక పార మట్టి లేపి, ఆ పెళ్ళను తిరగేసి చూడండి. తెల్లటి సన్నని ప్రాణులు నాలుగైదు గబగబా పరుగెత్తి మట్టి సందుల్లోకి దూరిపోతాయి. తెంపిన నూలుపోగు ముక్కంత ఉంటాయి. ఇదేమిటని అడిగితే ఒకరు చెదపిల్ల అంటారు, ఇంకొకరు జెర్రిపిల్ల అంటారు. మొక్క ఎందుకో దిగాలుపడి ఉన్నప్పుడు ఇవి కంటబడ్డాయో, ఇక నేరం వాటి మీదే పడుతుంది. మరునాడే గుళికల మూట ఇంటికి వస్తుంది. రైతుకు చేతిచమురు వదిలేది ఇక్కడే.

ఈ ప్రాణి చెద కాదు, జెర్రిపిల్లా కాదు. శాస్త్రవేత్తలు దీన్ని సింఫైలా అంటారు. తెలుగులో మన రైతుల నోట నలిగిన పేరంటూ ఏదీ లేదు కాబట్టి ఈ వ్యాసం మటుకు ‘బుల్లి తెల్లజెర్రి’ అందాం. ఇది ఒక్కోసారి నిజంగానే వేరు కొరుకుతుంది. చాలాసార్లు ఏ పాపమూ ఎరగదు. ఎప్పుడు ఏది అన్నది తెలియాలంటే ముందు దాని ఒళ్ళు, దాని వంశం తెలుసుకోవాలి.

కాళ్ళను బట్టి కులగోత్రాలు

నేలలో తిరిగే చిన్నప్రాణుల్ని గుర్తుపట్టడానికి కాళ్ళ లెక్కను మించిన దారి లేదు. మూడు జతలు, అంటే ఆరు కాళ్ళుంటే అది కీటకం, లేదా దాని దగ్గరి చుట్టం. చెద, చీమ, వేరుపురుగు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నాలుగు జతలుంటే సాలీడు, నల్లి వర్గం. ఆరుద్ర కార్తెలో చేలల్లో ఎర్ర మఖమల్ గుడ్డలా కనిపించే ఆరుద్ర పురుగు పేరుకే పురుగు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది, అంటే అది నల్లి జాతిది. అంతకు మించి వరుసగా కాళ్ళుంటే అవి బహుపాదులు.

బహుపాదులను నాలుగు తరగతులు చేశారు. మొదటివి జెర్రులు. ఒళ్ళు ఖండాలు ఖండాలుగా ఉండి ఖండానికి ఒక జత కాళ్ళుంటాయి, మెడ దగ్గర విషపు కోరలుంటాయి, వేటాడి తింటాయి. రెండోవి రోకలిబండలు. వీటికి చాలా ఖండాల్లో రెండేసి జతల కాళ్ళుంటాయి, కుళ్ళిన ఆకూ అలమూ తింటాయి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటాయి. ఈ రెండింటినీ మీకు నేను చెప్పేదేముంది! మిగిలిన రెండు తరగతులు కంటికి సరిగా ఆననంత చిన్నవి. ఒకటి సింఫైలా, రెండోది పారోపోడా. చెదపిల్లలని పొరబడేది ఎక్కువగా సింఫైలానే.

సింఫైలాలో ప్రపంచం మొత్తానికి గుర్తించిన జాతులు సుమారు 200. వీటిని రెండే రెండు కుటుంబాలుగా విడదీశారు. ఒకటి స్కుటిజెరెల్లిడే, రెండోది స్కోలోపెండ్రెల్లిడే. పేర్లు చూసి బెదరకండి. మనకు ఇంటిపేరు, పేరు ఉన్నట్టే వీటికీ జాతికి రెండు మాటల పేరుంటుంది. స్కుటిజెరెల్ల ఇమ్మాక్యులేటా అంటే స్కుటిజెరెల్ల ఇంటిపేరు, ఇమ్మాక్యులేటా సొంతపేరు. మచ్చలేనిది అని ఆ మాటకు లాటిన్లో అర్థం. 1845లో జార్జ్ న్యూపోర్ట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. వేరు కొరికే దొంగ అని ఎక్కువ పేరుమోసింది కూడా ఈ మచ్చలేనిదే!

మన దక్షిణాది సింఫైలా గురించి స్వీడన్ దేశపు ఉల్ఫ్ షెల్లర్ 1971లో శ్రీలంకతో కలిపి ఒక పెద్ద పత్రం ప్రచురించాడు. భూతద్దం కింద కూడా చాలని ప్రాణుల వెంట్రుకలు లెక్కపెట్టి జాతులు నిర్ణయించిన ఓపిక ఆయనది.

రెండు కుటుంబాలకు తేడా ఎక్కడ?

సూక్ష్మదర్శిని ఉంటే రెండు గుర్తులు చాలు. మొదటిది తల వెనకనే ఉండే మొదటి జత కాళ్ళు. స్కుటిజెరెల్లిడే కుటుంబంలో ఈ జత చక్కగా పెరిగి, వెనక జతలో సగం కంటే ఎక్కువ పొడుగుంటుంది. స్కోలోపెండ్రెల్లిడే కుటుంబంలో అది కుదించుకుపోయి ఉంటుంది, కొన్నిట్లో ఉత్త బుడిపెలే మిగులుతాయి. రెండో గుర్తు వీపు మీద పలకలు. రెండో కుటుంబంలో చాలా వాటికి పలకల వెనక అంచున ముక్కోణపు కొనలు రెండేసి పొడుచుకొచ్చి ఉంటాయి. మొదటి కుటుంబానికి అలాంటివి ఉండవు. ఒళ్ళు, కాళ్ళు కాస్త పెద్దవిగా ఉండేవీ, పైర్లను కొరుకుతాయని పేరుపడ్డవీ ఎక్కువగా మొదటి కుటుంబానివే. దొంగల జాబితాలో ఉన్న స్కుటిజెరెల్ల, హాన్సెనియెల్ల రెండూ ఆ ఇంటివే.

తల నుంచి తోక దాకా

బుల్లి తెల్లజెర్రి పొడవు 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే వడ్లగింజ పొడుగు దాటదు. కళ్ళు లేవు. చీకట్లో బతికేదానికి కళ్ళెందుకు? వాటి పని మీసాలు చేస్తాయి. పూసలు గుచ్చినట్టుండే రెండు పొడుగాటి మీసాలు తల ముందు ఎప్పుడూ అల్లల్లాడుతూనే ఉంటాయి. పెద్దదానికి 12 జతల కాళ్ళు. తోక చివర రెండు చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి, వాటిలోంచి సాలీడులా సన్నని దారం తీస్తుంది. మీసాలు, పన్నెండు జతలు, తోకకు రెండు కొమ్ములు: ఈ మూడూ కలిస్తే అది సింఫైలానే, ఇక సందేహం అక్కరలేదు.

వీపు పలకల్లో ఒక తమాషా ఉంది. కాళ్ళ జతలు 12 అయితే పలకలు కనీసం 15 ఉంటాయి, కొన్నిట్లో 24 దాకా ఉంటాయి. కాళ్ళకంటే పలకలు ఎక్కువ ఎందుకంటారా? ఎన్ని కీళ్ళుంటే ఒళ్ళు అంత మెలి తిరుగుతుంది. మట్టి సందుల్లో ఎటుపడితే అటు మళ్ళాలంటే ఆ మాత్రం వంపు కావాలి. ఎందుకంటే ఇది సొంతంగా నేలను తవ్వలేదు. ఎర్రలు చేసిన బొక్కలు, చచ్చిన వేళ్ళు వదిలిన దారులు, పెళ్ళల మధ్య సందులు, ఇవే దాని బాటలు. ఈ ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి, మందు సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఊపిరి తీసుకునే రంధ్రాలు ఒకే ఒక జత, అవీ తల మీద ఉన్నాయి! కాళ్ళ మొదళ్ళ దగ్గర చిన్న చిన్న సంచులుంటాయి, వాటిని బయటికి ఉబ్బించి నేలలోని చెమ్మ పీల్చుకుంటుంది. చర్మం పలచన. ఎండ తగిలితే కాసేపట్లో వాడి చస్తుంది. అందుకే పైమట్టి ఎండితే లోతుకు, అవసరమైతే గజం లోతుకు కూడా దిగిపోతుంది. వాన పడి పదునొస్తే మళ్ళీ పైకి వస్తుంది.

వీటి సంసారం మరీ విచిత్రం. మగది, ఆడది కలవవు. మగది సన్నని కాడల మీద బీజం బొట్లు నిలబెట్టి తన దారిన తాను పోతుంది. ఆడది వచ్చి ఆ బొట్టును నోటితో కొరికి బుగ్గలోని సంచిలో దాచుకుంటుంది. తర్వాత గుడ్డును నోటితో తీసి ఏ మట్టిగోడకో అంటించి, బుగ్గలో దాచిన బీజాన్ని దానికి పూస్తుంది. ముత్యాల్లాంటి తెల్లటి గుడ్లు గుంపుగా ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరేడు జతల కాళ్ళే ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒక జత పెరుగుతుంది. పన్నెండు జతలు నిండాక కూడా కుబుసం విడవడం మానదు, చచ్చేదాకా విడుస్తూనే ఉంటుంది. నాలుగేళ్ళ దాకా బతకగలదు. ఇంత చిన్న ప్రాణికి అది తక్కువ ఆయుష్షు కాదు.

ఇంకా చిన్న తమ్ముడు

పారోపోడా గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోదాం. ఇవి అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల లోపు. సాధారణంగా 9 జతల కాళ్ళు, మీసాలు కొమ్మలుగా చీలి ఉంటాయి. చాలా వాటికి గుండె లేదు, ఊపిరి గొట్టాలు లేవు, ఒంటి చర్మంతోనే గాలి పీలుస్తాయి. పుట్టినప్పుడు మూడు జతల కాళ్ళతో పుడతాయి. తిండి ముఖ్యంగా బూజు. పైరుకు కీడు చేసేవి కావు. వీటిని 1866లో ఇంగ్లండులో తన తోటలో మొదట కనిపెట్టింది జాన్ లబక్. వృత్తికి బ్యాంకు యజమాని, పార్లమెంటు సభ్యుడు. అక్కడి బ్యాంకులకు సెలవులిస్తూ 1871లో వచ్చిన చట్టం ఆయన తెచ్చిందే. పెరటి మట్టిలో చూడాలనే కుతూహలం ఉంటే ఎవరికైనా ఏదో ఒకటి దొరుకుతుందన్న మాట!

ఇది ఎక్కడ దొంగ?

బుల్లి తెల్లజెర్రి మామూలు తిండి కుళ్ళిన ఆకులు, బూజు, చచ్చిన వేళ్ళు. కానీ గుంపు పెరిగిపోయి, పక్కనే లేత వేరు దొరికితే దాన్నీ కొరుకుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆస్పరాగస్ అనే కూరపంటను 20వ శతాబ్దం మొదట్లోనే ఇది పాడుచేసింది. అక్కడి ఎ.ఇ. మైకెల్‌బేకర్ అనే శాస్త్రవేత్త 1938లో దీని జీవితచరిత్ర మొత్తం రాసిపెట్టాడు. హవాయి దీవుల్లో, ఆస్ట్రేలియాలో అనాసతోటలకు దీని చుట్టాలు తలనొప్పి అయ్యాయి. వేరు కొన కొరికితే పక్కనుంచి కొత్త వేళ్ళు పుడతాయి, వాటి కొనలూ కొరికితే మళ్ళీ పుడతాయి. చివరికి వేరు పొడుగు సాగక పొట్టి చీపురుకట్టలా తయారవుతుంది. చెట్టు పైకి లేవదు. మొక్క లేతగా ఉన్నప్పుడే ఈ బాధ ఎక్కువ, ముదిరి వేరు బలిసిన తర్వాత తట్టుకుంటుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఇది చేనంతా సమానంగా ఉండదు. మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ప్రతి ఏడూ అదే చోట, అదే మేర మొలక గిడసబారితే అనుమానించాలి. చేనంతా ఒకేసారి పసుపుబారితే దాన్ని వదిలేసి నీళ్ళ సంగతో, ఎరువు సంగతో చూసుకోవాలి.

మన నేలల మాటకొద్దాం. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. తవ్వలేని ప్రాణికి వేసవిలో ఈ నెర్రెలు లోతుకు దిగే మెట్లు. వానకు నేల ఉబ్బి సందులు మూసుకున్నప్పుడు దాని తిరుగుడు తగ్గుతుంది. ఆకు అలము బాగా పడి, ఎర్రలుండి, గుల్లగా ఉన్న మట్టి దానికి ఇష్టం. ఉత్త ఇసుకనేల సరిపడదు, సందులు నిలవవు. ఇక కె.సి. కాలువ కింద వరి వేసి నెలల తరబడి నీరు నిలబెట్టే మళ్ళలో దీనికి నిలువనీడ ఉండదు. కాలిఫోర్నియా రైతులు కూడా ఆస్పరాగస్ చేలకు చలికాలంలో వారాల తరబడి నీళ్ళు నిలగట్టే దీన్ని అణిచారు. వరి వేసి తర్వాత పసుపు వేసుకునే రైతు తెలియకుండానే ఆ పని చేస్తున్నాడు.

పసుపు మడిలో జరిగింది

ఒక వానకాలం ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఒక పసుపు రైతు మడికి పోయాను. ఆకులు అంచుల నుంచి ఎండి, కాడ మెత్తబడుతోంది. గట్టు మీద రెండు మూటల గుళికలున్నాయి.

“ఏందన్నా ఇది?” అంటే, “చెదపిల్లలు సార్, యాడ పెరికినా ఇవే ఉండాయి. వేర్లన్నీ ఇవే కొరుకుతుండాయి. అంగట్లో చెప్తే ఈ గుళికలిచ్చినారు” అన్నాడు.

ఒక గడ్డ పెరికి దుంపను చీల్చి చూశాం. లోపల నీరుకారి కుళ్ళింది, వాసన కొడుతోంది. దుంప ఈగ పురుగులు కూడా ఉన్నాయి. మడిలో మురుగు పోయే దారి లేదు. తెల్లప్రాణులు ఉన్నాయన్న మాట నిజమే. కాళ్ళు లెక్కపెడితే పన్నెండు జతలు. అవి కుళ్ళును తినడానికి వచ్చినవి, కుళ్ళు తెచ్చినవి కావు. ఆ పూటే అడ్డబోదె తీసి నీరు బయటికి పంపాడు. మూటలు విప్పకుండానే వెనక్కిచ్చి వచ్చానని తర్వాత చెప్పాడు. అంగడాయన వెనక్కి తీసుకోవడం అతని అదృష్టం, అందరూ తీసుకోరు.

పసుపులో మొక్క చస్తుంటే ముందు దుంపకుళ్ళు, దుంప ఈగ, నులిపురుగులు చూడాలి. నులిపురుగు కంటికి కనపడదు, వేరు మీద బుడిపెలు కనపడతాయి. ఈ మూడూ కావని తేలాకే తెల్లజెర్రి వైపు చూడాలి.

పొరబడేవి ఇవి

చెదకు మూడు జతల కాళ్ళే, తల గుండ్రంగా, ఒళ్ళు బొద్దుగా ఉంటుంది. అంత వేగంగా పరుగెత్తదు, మట్టిగూడు కట్టిన ఆనవాలు ఉంటుంది. వేరుపురుగు బాగా పెద్దది, కొడవలిలా వంగి పడుకుంటుంది. డిప్లూరా అని ఒకటుంది, ఇదే అసలైన మోసగత్తె: తెల్లగా, కళ్ళు లేకుండా, తోకకు రెండు పోగులతో అచ్చం తెల్లజెర్రిలా ఉంటుంది. కానీ కాళ్ళు ఆరే. మట్టి జెర్రి దారంలా పొడుగ్గా ఉండి కాళ్ళు కనీసం 27 జతలుంటాయి, అదీ ఎప్పుడూ బేసి సంఖ్యే. అది వేటాడేది, దాన్ని చంపుకోకండి. ముట్టుకుంటే చెంగున ఎగిరేది స్ప్రింగ్‌టెయిల్, పైరుకు అపకారి కాదు.

చూడటానికి తెల్లపళ్ళెం వాడకండి, తెల్లదాని మీద తెల్లది కనపడదు. ఎరువుల సంచి లోపల వచ్చే నల్ల కవరో, నల్లగొడుగు గుడ్డో పరిచి దాని మీద మట్టి చిదమండి. పిల్లల బడిసంచిలో భూతద్దం ఉంటే సరే, లేకపోతే సెల్‌ఫోన్ కెమెరాను పెద్దది చేసి ఫొటో తీసి తీరిగ్గా కాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మాకు ఆ వసతి లేని రోజుల్లో పురుగు పరుగెత్తి పోయేది, లెక్క మధ్యలో తప్పేది.

ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే ఆలుగడ్డ ఎర పెట్టండి. పైన ఎండిన మట్టి గీకేసి, చెమ్మ తగిలేచోట సగానికి కోసిన ఆలుగడ్డను కోసిన వైపు కిందికి ఆనించండి. మీద కుండపెంకో డబ్బానో బోర్లించండి, ఎండ తగలకూడదు. ఒకటి రెండు రోజుల తర్వాత పొద్దున్నే వెళ్ళి మెల్లగా ఎత్తండి. ముందు మట్టివైపు చూడండి, అవి క్షణంలో దిగిపోతాయి. తర్వాత గడ్డ కోసిన ముఖం చూడండి. చేనులో బాగున్న చోట కొన్ని, గిడసబారిన చోట కొన్ని ఎరలు పెట్టాలి. రెండు చోట్లా ఒకేలా ఉంటే నేరం దీనిది కాదు. గిడసబారిన చోటే గుంపులుగా చేరి, అక్కడి వేళ్ళు చీపురుకట్టలా ఉంటే అప్పుడు దీనిదే. పొడిమట్టిలో ఈ ఎర పనిచేయదు, అవి అప్పటికే లోతులో ఉంటాయి.

గుళికలతో పనవుతుందా?

ఇందాక చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. ఇది సందులు పట్టుకుని గజం లోతుకు దిగే ప్రాణి. మీరు చల్లిన గుళిక పైన జానెడు మట్టిలోనే ఉంటుంది. లోతున ఉన్నవి బతికిపోయి మళ్ళీ పైకి వస్తాయి. పైన ఉండే ఎర్రలు మాత్రం చస్తాయి. కార్బోఫ్యూరాన్ గుళికలు ఎర్రలకు, గుళిక ఏరుకు తిన్న పిట్టలకు ఎంత చేటో అందరికీ తెలిసిందే. థిమ్మెట్ పేరుతో మనం వాడిన ఫోరేట్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. పాతసరుకు ఉందని ఎవరైనా చాటుగా ఇస్తే తీసుకోకండి.

దీనికి సేద్యమే మందు. నాటే ముందు, నేల పదును మీద ఉండి అవి పైపొరలో తిరిగే సమయంలో దున్ని, గుంటక తోలి పెళ్ళలు చితకగొడితే ఒళ్ళు మెత్తని ఈ ప్రాణులు చాలావరకు నలిగి చస్తాయి, వాటి దారులూ మూసుకుపోతాయి. వేసవి దుక్కి మిగతా పురుగులకు మంచిదే కానీ దీనికి అంతగా పనిచేయదు. నేల ఎండినప్పుడు అది నాగలికి అందనంత కిందుంటుంది. సరిగా చివకని పచ్చిపేడ వేయకుండా బాగా మాగిన దిబ్బ ఎరువే వేయండి. తెల్లజెర్రి పుడుతుందని ఎరువు మానేస్తే మాత్రం ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. మచ్చ ఉన్న మడికి నీటి వసతి ఉంటే ఒక కారు వరి వేయండి. నారు, అంటు నాటేచోట చిన్నవి కాకుండా వేరు బలిసినవి నాటుకుంటే కొరుకుడుకు తట్టుకుంటాయి.

ఇంకా అనుమానం తీరకపోతే పురుగును పట్టి చూపించండి. చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి, తడిపిన కుంచెతోనో పక్షి ఈకతోనో ఐదారు పురుగుల్ని అందులో వేయండి. వేళ్ళతో పట్టుకుంటే నలిగిపోయి కాళ్ళు ఊడతాయి. ఊరు, పైరు, తేదీ, ఎంత లోతులో దొరికిందో చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. దాంతోపాటు దెబ్బతిన్న మొక్కను వేళ్ళతో సహా మట్టిగడ్డతో పెకలించి తడిగోనెలో చుట్టి తీసుకుపోండి. ఉత్త ఆకు తెంపుకుపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు. ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చూపండి. అక్కడ తేలకపోతే నంద్యాలలో 1906 నుంచి ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో కీటకశాస్త్ర విభాగం వారికి ఇవ్వండి. పొద్దున పెకలించిన మొక్క ఆ రోజే చేరేలా చూసుకోండి.